రెండు నీలి ఆకుపచ్చ రంగుల్లో మీ గదికి ఏది నప్పుతుంది? పోల్చి తేల్చుకునే సమగ్ర మార్గదర్శి

దసరాకు ముందూ సంక్రాంతికి ముందూ విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఇది: "కేటలాగులో రెండు రంగులు నచ్చాయి. రెండూ నీలానికీ ఆకుపచ్చకూ మధ్యవే. ఏది వేయించమంటారు?" చాలామంది ఆ రంగుల ఫోటోలు కూడా పంపుతారు.

ఫోటో చూసి ఎవరు ఏం చెప్పినా అది ఊహే. లేత గోధుమ, మీగడ తెలుపు లాంటి రంగుల్లో వెలుతురుతో వచ్చే మార్పు అంతగా కంటికి తెలియదు. నీలి ఆకుపచ్చ మాత్రం పొద్దున నీలంగా, సాయంత్రం ఆకుపచ్చగా, రాత్రి బూడిదగా కనిపించగలదు. అందుకే రంగు పేరు చెప్పడం మాని, పోల్చే పద్ధతి చెబుతున్నాను. దీనికి నాలుగైదు రోజులు కావాలి. మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చాక మొదలుపెడితే ఆ వ్యవధి దొరకదు. ఆయన రావడానికి వారం పది రోజుల ముందే పని ప్రారంభించండి.

సౌలభ్యం కోసం నీలం పాలు ఎక్కువున్న రంగును "నీలం మొగ్గు" అనీ, ఆకుపచ్చ పాలు ఎక్కువున్న దాన్ని "ఆకుపచ్చ మొగ్గు" అనీ అంటాను.

1. ముందు గదిని పరిశీలించండి

రంగుల సంగతి తరువాత. ముందుగా గదిలోకి వచ్చే వెలుతురు ఎలాంటిదో కాగితం మీద రాసుకోండి.

ఉత్తరపు కిటికీ: ఎండ నేరుగా పడడం తక్కువ. ఆకాశం నుంచి వచ్చే వెలుతురే ఆధారం, అందులో నీలి ఛాయ ఉంటుంది. ఈ గదిలో నీలం మొగ్గు రంగు మరింత చల్లగా, కాస్త మబ్బుపట్టినట్టు కనిపిస్తుంది. మన ఊళ్లు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి, మే మొదటి వారాల నుంచి ఆగస్టు మొదటి వారాల వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ మూడు నెలలు ఉత్తరపు కిటికీలోకి కొద్దిగా ఎండ రావచ్చు. మిగిలిన కాలంలో దాదాపు రాదు.

దక్షిణపు కిటికీ: డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి ఎండ గది లోపలి దాకా వస్తుంది. వేసవిలో సన్‌షేడ్ దాటి రాదు. ఒకే గది రెండు కాలాల్లో రెండు రకాలుగా ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

తూర్పు కిటికీ ఉన్న గదికి పొద్దున్నే పసుపు వెలుతురు, పది దాటాక మామూలు వెలుతురు. పడమటి కిటికీకి మూడు నుంచి ఆరు వరకు బంగారు రంగు ఎండ. ఆ ఎండలో ఆకుపచ్చ మొగ్గు రంగు పసుపు వైపు జరిగి చిలకపచ్చను తలపిస్తుంది. నీలం మొగ్గు రంగు చక్కగా మధ్యకు వస్తుంది.

దిక్కు ఒక్కటే చూస్తే చాలదు. అపార్ట్‌మెంట్లలో కిటికీ తెరిస్తే పక్క భవనం గోడే కనిపించడం మామూలు. అది పసుపు గోడ అయితే మీ గదిలోకి వచ్చేది పసుపు వెలుతురే. విజయవాడ మొగల్రాజపురంలో కొండను ఆనుకున్న ఇంటికి గోధుమ ఛాయ వస్తుంది. కిటికీ ముందు వేపచెట్టు ఉంటే ఆకుల పచ్చదనం గోడ మీద పడుతుంది. అక్కడ ఆకుపచ్చ మొగ్గు రంగు వేస్తే పచ్చదనం రెట్టింపవుతుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన విషయం ఇంకొకటి ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండకు భయపడి పగలంతా కర్టెన్లు వేసే ఉంచుతాం. అంటే ఏడాదిలో మూడు నెలలు మీ గోడను చూసేది కర్టెన్ వడగట్టిన వెలుతురులోనే. మెరూన్ కర్టెన్ వెనక నీలి ఆకుపచ్చ గోడ మసకబారి కనిపిస్తుంది. కాబట్టి కర్టెన్ వేసి ఉన్నప్పటి వెలుతురును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ సలహా కేటలాగుల్లో కనిపించదు.

నేల కూడా ముఖ్యమే. కిటికీ నుంచి పడిన ఎండ నేల మీది నుంచి ఎగసి గోడ కింది సగానికి తగులుతుంది. పాత ఇళ్లలోని ఎర్ర గచ్చు, మొజాయిక్, కడప బండ, మీగడ రంగు టైల్సు ఒక్కొక్కటీ తన ఛాయను గోడకు ఇస్తాయి. టేకు తలుపుల నారింజ గోధుమ రంగు పక్కన నీలం మరింత నీలంగా కనిపిస్తుంది.

రాసుకోవాల్సినవి:
– కిటికీ దిక్కు, దాని ఎదురుగా ఏముంది
– నేల రంగు, తలుపుల రంగు, సీలింగ్ తెలుపా మీగడా
– కర్టెన్ రంగు, దోమల జాలీ ఉందా
– రాత్రి వెలిగే లైట్ల రకం
– ఆ గదిలో మీరు ఎక్కువగా ఉండే వేళలు

చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఉద్యోగాలకు వెళ్లే దంపతుల పడకగదిని మధ్యాహ్నం పన్నెండింటికి చూసి రంగు ఎంచుకోవడంలో అర్థం లేదు. ఆ వేళకు ఆ గదిలో ఎవరూ ఉండరు.

2. రెండు రంగుల మధ్య తేడా ఎక్కడుందో గుర్తించండి

"ఇది కొంచెం వేరుగా ఉంది" అనిపించడానికి మూడు కారణాలుంటాయి. మొదటిది మొగ్గు: నీలం వైపా, ఆకుపచ్చ వైపా. రెండోది గాఢత: ఎంత లేత, ఎంత ముదురు. మూడోది బూడిద పాలు: రంగు నిగనిగలాడుతోందా, కాస్త మట్టిగొట్టుకుని ఉందా.

మొగ్గు తేలాలంటే షేడ్ కార్డును స్వచ్ఛమైన తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. చుట్టుపక్కల రంగురంగుల పేజీలు ఉంటే కన్ను మోసపోతుంది. కార్డులో ఒకే రంగు లేత నుంచి ముదురు దాకా వరుసగా ఉండే పట్టీలో అన్నిటికంటే ముదురుగా ఉన్న రంగును కూడా చూడండి. లేత రంగులో దాగిన మొగ్గు ముదురు రంగులో బయటపడుతుంది.

గాఢతకు ఒక అంకె ఉంది. దాన్ని లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ అంటారు. పూర్తి నలుపు సున్నా, పూర్తి తెలుపు 100. చాలా కంపెనీలు ప్రతి షేడుకూ ఈ అంకె ఇస్తాయి. కేటలాగు వెనక లేకపోతే కంపెనీ వెబ్‌సైటులో వెతకండి. మీ రెండు రంగుల్లో ఒకటి 60, ఇంకొకటి 40 అయితే మీరు నీలాన్నీ ఆకుపచ్చనూ పోల్చడం లేదు, లేతనూ ముదురునూ పోలుస్తున్నారు. అప్పుడు నేనైతే ముదురు రంగు పట్టీలోనే ఒకటి రెండు గళ్లు పైకి జరిగి, రెండో రంగుకు దగ్గరి గాఢత ఉన్న షేడును తీసుకుంటాను. గాఢత సమానమైతేనే మొగ్గు గురించిన నిర్ణయం సరిగా వస్తుంది.

ఒకే కిటికీ ఉన్న గదికి 30 కంటే తక్కువ అంకె ఉన్న రంగును నాలుగు గోడలకూ వేయించకపోవడం మంచిది. పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది. ఆ నెమలి కంఠం రంగు మీద మనసు పడితే ఒక్క గోడకు పరిమితం చేయండి.

3. శాంపిల్ రంగులు తెచ్చుకునే పద్ధతి

రెండు రంగులూ ఒకే కంపెనీవి, ఒకే రకం ఎమల్షన్, ఒకే మెరుపు ఉన్నవి అయి ఉండాలి. ఒకటి మ్యాట్, ఇంకొకటి మెరుపున్నది తీసుకుంటే పోలిక చెడిపోతుంది. మెరిసే పూత కిటికీ వెలుతురును తిప్పికొడుతూ ఒకచోట తెల్లగా, ఒకచోట ముదురుగా కనిపిస్తుంది.

దుకాణంలో మెషీన్ మీద కలిపించండి. చిన్న శాంపిల్ డబ్బాలు దొరికితే అవి చాలు, లేకపోతే లీటరు డబ్బా తీసుకోవాలి. డబ్బా మూత మీద అంటించే లేబుల్‌పై షేడ్ కోడు, బేస్ (మెషీన్ రంగు కలిపే మూల పెయింట్) రకం ఉంటాయి. దాన్ని ఫోటో తీసి దాచుకోండి. ఒక కంపెనీ షేడును ఇంకో కంపెనీ బేసులో కలిపిస్తామని దుకాణదారు అంటే ఈ దశలో ఒప్పుకోకండి. దగ్గరగా రావచ్చు కానీ అచ్చంగా అదే రాదు, మీరు పోలుస్తున్నది ఏమిటో మీకే తెలియకుండా పోతుంది.

4. పలకలు తయారుచేయండి

గోడ మీద నేరుగా చిన్న చతురస్రం పూసి చూడడం అందరూ చేసే పని. నేను దాన్ని సిఫార్సు చేయను. పాత గోడ పసుపు అయితే దాని మధ్య ఉన్న నీలి ఆకుపచ్చ ముక్క ఉన్నదానికంటే నీలంగా కనిపిస్తుంది. ప్రైమర్ లేని లప్పం మీద పూస్తే రంగును పీల్చేసుకుని మచ్చలుగా వస్తుంది. పైగా గోడ మీది ముక్కను ఇంకో గోడకు మార్చి చూడలేరు.

బదులుగా ఇలా చేయండి:

– రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న రెండు పలకలు తీసుకోండి. పలచటి ప్లైవుడ్, హార్డ్‌బోర్డు, మందపాటి తెల్ల అట్ట ఏదైనా సరే. అట్ట అయితే వంకర తిరగకుండా వెనక వైపు కూడా ప్రైమర్ పూయండి.
– ముందు వైపు తెల్ల వాటర్ ప్రైమర్ ఒక కోటింగ్ వేసి ఆరనివ్వండి.
– చుట్టూ రెండంగుళాల అంచు వదిలి మాస్కింగ్ టేపు అంటించండి. ఆ తెల్ల అంచు పాత గోడ రంగును పలక రంగు నుంచి వేరు చేస్తుంది.
– డబ్బాను అడుగు దాకా బాగా కలపండి. చిన్న రోలరుతో రెండు కోటింగులు వేయండి. మేస్త్రి గోడకు రోలరే వాడతాడు కాబట్టి బ్రష్ గీతలున్న పలకతో పోల్చకూడదు.
– కోటింగుకూ కోటింగుకూ మధ్య నాలుగు గంటలు, వానాకాలంలో ఇంకా ఎక్కువ సమయం ఇవ్వండి.
– టేపు తీసి, వెనక షేడ్ కోడు రాయండి.

పూసిన వెంటనే "అయ్యో, ఇంత లేతగా ఉందేమిటి" అనుకోకండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాల ఛాయతో లేతగా ఉంటుంది, ఆరాక ముదురుతుంది. నీలి ఆకుపచ్చలో ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. ఒక రోజంతా ఆరాకే చూడడం మొదలుపెట్టండి.

5. పలకలను చూసే క్రమం

పలకలను నిలబెట్టి చూడాలి. మంచం మీదో నేల మీదో పడుకోబెడితే పై నుంచి వెలుతురు సూటిగా పడి రంగు లేతగా కనిపిస్తుంది. గోడ మీద వెలుతురు ఏటవాలుగా పడుతుంది.

మూడు చోట్లు ఎంచుకోండి: కిటికీ ఎదుటి గోడ, కిటికీ ఉన్న గోడ, కిటికీకి దూరంగా ఉన్న మూల. కిటికీ ఉన్న గోడే గదిలో చీకటిగా ఉంటుంది. పక్కనుంచి వచ్చే తెల్లటి వెలుతురుకు కళ్లు అలవాటుపడి ఆ గోడ రంగు ఇంకా ముదురుగా తోస్తుంది. చాలామంది కిటికీ ఎదుటి గోడను మాత్రమే చూసి మురిసిపోయి, తరువాత ఈ గోడ దగ్గర నిరాశపడతారు.

మొదటి రోజు రెండు పలకలనూ పక్కపక్కన పెట్టండి. తేడా బాగా తెలుస్తుంది. అయితే ఆ తేడా కొంత అతిశయోక్తి. ఆకుపచ్చ పక్కన ఉండడం వల్ల నీలం మరింత నీలంగా, నీలం పక్కన ఉండడం వల్ల ఆకుపచ్చ మరింత ఆకుపచ్చగా కనిపిస్తాయి. రంగు వేయించాక మీ గదిలో ఉండేది ఒక్కటే. అందుకే రెండో రోజు నీలం మొగ్గు పలకను మాత్రమే గదిలో ఉంచండి, రెండోదాన్ని బీరువా వెనక దాచేయండి. మూడో రోజు మార్చండి. ఇలా విడివిడిగా చూసినప్పుడు పక్కపక్కన చూసినప్పటి అభిప్రాయం తలకిందులు కావడం సాధారణమే.

చూడాల్సిన వేళలు:
– పొద్దున ఏడు గంటల ప్రాంతం
– పదకొండు, కర్టెన్లు తెరిచి
– మధ్యాహ్నం రెండు, కర్టెన్లు వేసి
– సాయంత్రం నాలుగున్నర
– పొద్దు గుంకాక, లైటు వేయకముందు
– రాత్రి ఎనిమిది, అన్ని లైట్లూ వేసి

ప్రతి వేళకూ ఒక్క మాటే రాయండి: నచ్చింది, పరవాలేదు, నచ్చలేదు. మీరు ఒక్కరే రాస్తే చాలదు, ఆ గదిలో పడుకునేవాళ్లూ చదువుకునేవాళ్లూ కూడా రాయాలి. అత్తగారో నాన్నగారో ఇంట్లో పగలంతా ఉండేవాళ్లయితే పగటి వేళల మాట వాళ్లదే చెల్లాలి.

ఇంకో పరీక్ష ఉంది, చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఒకే రంగువి రెండు అట్టలు పూసి, ఆరాక గది మూలలా లంబకోణంలో నిలబెట్టండి. ఒక అట్ట రంగు ఇంకోదాని మీద ప్రతిఫలించి, మూల దగ్గర రంగు చిక్కబడుతుంది. నాలుగు గోడలకూ వేశాక గది అంతా జరిగేది అదే. కాబట్టి పలక మీద "సరిగ్గా ఇదే" అనిపించిన రంగు గదిలో ఒక పిసరు ఎక్కువ అవుతుంది. రెండు షేడ్ల మధ్య సందేహం మిగిలితే బూడిద పాలు ఎక్కువున్నదాన్ని తీసుకోమనే నా సలహా.

6. రాత్రి లైట్లలో పరీక్ష

ఇక్కడే ఎక్కువ గొడవ జరుగుతుంది, కాబట్టి తొందరపడకండి.

ఎల్ఈడీ బల్బు డబ్బా మీద కెల్విన్ అంకె చూడండి. 2700 నుంచి 3000 వరకు పసుపు వెలుతురు, 4000 దగ్గర మధ్యస్థం, 6500 నీలి తెలుపు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 6500. దాని కింద నీలం మొగ్గు రంగు చల్లగా, ఆసుపత్రి వరండా గోడలా కనిపించే ప్రమాదం ఉంది. అదే రంగు 3000 బల్బు కింద నీలం తగ్గి మెత్తబడుతుంది. ఆకుపచ్చ మొగ్గు రంగు 6500 కింద తేటగా ఉంటుంది, 3000 కింద పసుపు కలిసిన ఆకుపచ్చగా మారుతుంది. 4000 కింద రెండూ తమ స్వభావానికి దగ్గరగా ఉంటాయి. పడకగదికి నేను 4000 లేదా 3000 ఎంచుకుంటాను.

డబ్బా మీద సీఆర్ఐ అనే ఇంకో అంకె ఉంటుంది. బల్బు వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. 80 మామూలు, 90 ఆపైన మంచిది.

కొన్ని రంగుల జతలు ఒక లైటు కింద ఒకేలా ఉండి, ఇంకో లైటు కింద విడిపోతాయి. వాటిలో వాడిన వర్ణకాలు వేరు కావడమే కారణం. దుకాణం ట్యూబ్‌లైటు కింద కర్టెన్ గుడ్డకూ షేడ్ కార్డుకూ జత కుదిరినట్టే ఉండి, ఇంటికొచ్చాక కుదరకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ముందు బల్బు తేల్చుకోండి, తరువాత రంగు. రంగు వేయించాక బల్బులు మారిస్తే ఈ శ్రమంతా వృథా.

7. గదిలోని వస్తువులతో జత చూడండి

పలక పక్కన కర్టెన్, దుప్పటి, మంచం చెక్క, బీరువా రంగు పెట్టి చూడండి. మంగళగిరి నేత గుడ్డతో కర్టెన్లు కుట్టించే ఆలోచన ఉంటే ముందే ఒక మీటరు తెచ్చి పలక మీద వేలాడదీయండి. ఆవపువ్వు పసుపు, ఇటుక ఎరుపు, ముడి నూలు తెలుపు రెండు రంగులకూ నప్పుతాయి. ముదురు ఆకుపచ్చ గుడ్డ ఆకుపచ్చ మొగ్గు గోడతో పోటీ పడుతుంది.

సీలింగ్ మీగడ రంగులో ఉంటే నీలం మొగ్గు గోడ పక్కన అది పాతబడిన తెలుపులా కనిపిస్తుంది. అలాంటప్పుడు సీలింగుకు తెలుపు వేయించడమో, గోడకు ఆకుపచ్చ మొగ్గు ఎంచుకోవడమో చేయండి.

8. తరచు జరిగే పొరపాట్లు, సరిదిద్దే మార్గాలు

ఫోను తెర చూసి నిర్ణయించడం. కెమెరా తనంతట తానే తెలుపును సవరించుకుంటుంది, అందులో నీలి ఆకుపచ్చ అటో ఇటో జరుగుతుంది. విదేశంలో ఉన్న కొడుకో కూతురో వాట్సాప్‌లో చూసి ఓటు వేయాలంటే పలక పక్కన తెల్ల కాగితం పెట్టి, రెండు పలకలూ ఒకే ఫోటోలో వచ్చేలా తీయండి. తేడా ఎటువైపు ఉందో తెలుస్తుంది, అసలు రంగు మాత్రం తెలియదు.

మేస్త్రి చేతితో స్టెయినర్ (చిక్కటి రంగు ద్రవం) చుక్కలు కలిపి "కాస్త తగ్గిద్దాం" అనడం. ఆ డబ్బా వరకు బాగుంటుంది, రెండో డబ్బాకు అదే రంగు రాదు. మార్పు కావాలంటే దుకాణానికి వెళ్లి పట్టీలోని పక్క షేడును మెషీన్ మీదే కలిపించండి.

చెమ్మ గోడ మీద రంగు వేయించడం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీరు నిలిచిన విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల ఇది ముఖ్యంగా చూసుకోవాలి. గోడలో చెమ్మ ఉంటే ఉప్పు తెల్లగా బయటికి పూస్తుంది. లేత గోధుమ మీద అది కనిపించదు, నీలి ఆకుపచ్చ మీద దూరం నుంచే కనిపిస్తుంది. గోడకు చదరంగా ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటి బిందువులు కనిపిస్తే ముందు చెమ్మ పని, తరువాతే రంగు. కొత్త సిమెంటు గోడకైనా నెల రోజులు ఆరే గడువు ఇవ్వాలి.

ముదురు మ్యాట్ రంగు పిల్లల గదికి వేయడం. చెయ్యి రాసుకున్న చోటల్లా తెల్లటి గీతలు పడతాయి. అక్కడ తుడవడానికి వీలైన, కొద్దిపాటి మెరుపున్న ఎమల్షన్ తీసుకోండి. అయితే మెరుపు పెరిగేకొద్దీ గోడ ఎగుడుదిగుళ్లు బయటపడతాయి కాబట్టి లప్పం పని శుభ్రంగా ఉండాలి.

9. తేల్చుకోవడం, కొనడం

రాసుకున్న కాగితాలు ముందు పెట్టుకోండి. ఒక వేళ అద్భుతంగా ఉండి, ఇంకో వేళ "నచ్చలేదు" అని పడిన రంగు కంటే, మీరు గదిలో ఉండే అన్ని వేళల్లో "పరవాలేదు" అంతకు మించి ఉన్న రంగును తీసుకోండి. రెండూ సమానంగా వస్తే రాత్రి ఎనిమిది గంటల మాటకు విలువ ఎక్కువ ఇవ్వండి, ఎందుకంటే ఇంటిల్లిపాదీ కలిసి ఉండేది అప్పుడే.

పరిమాణం లెక్క: 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గది అయితే నాలుగు గోడలు 460 చదరపు అడుగులు. తలుపుకు 21, కిటికీకి 20 తీసేస్తే సుమారు 420. డబ్బా మీద రెండు కోటింగులకు లీటరుకు 60 చదరపు అడుగులు అని ఉంటే 7 లీటర్లు. ముదురు షేడ్లకు మూడో కోటింగ్ పడవచ్చు, ఆ మేరకు ఎక్కువ తీసుకోండి.

కొనేటప్పుడు, వేయించేటప్పుడు:
– మొత్తం రంగు ఒకేసారి, ఒకే దుకాణంలో కలిపించండి
– ప్రతి డబ్బా మూత మీది కోడు మీ పలక వెనక రాసిన కోడుతో సరిపోయిందో చూడండి
– డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో కలిపి వాడమని మేస్త్రికి చెప్పండి, డబ్బా డబ్బాకూ ఉండే చిన్న తేడా పోతుంది
– కిటికీ ఉన్న గోడకు ముందు రెండు కోటింగులు వేయించి, ఒక రాత్రి ఆగి, మీ పలకను పక్కన పెట్టి సరిచూడండి
– తేడా ఉంటే మిగిలిన గోడలు మొదలుపెట్టకముందే దుకాణానికి వెళ్లండి, పలకను వెంట తీసుకెళ్లండి
– అర లీటరు మిగిల్చి, చిన్న గాలి చొరని డబ్బాలో పోసి, కోడు, తేదీ, గది పేరు రాసి, వంటగది వేడి తగలని చోట ఉంచండి